గీత పిన్ని పంతం

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. పీతల షెడ్డులో అందరికీ ఆమె గీత పిన్ని. చేతి గీతలు చూసి జాతకం చెప్పేవాళ్ళుంటారు. పిన్ని పీత గీత చూసి చెప్పేది. పీత వెనక కాలు తెడ్డులా పల్చగా ఉంటుంది. దాని అంచున సన్నటి గీత ఎర్రబడిందంటే రేపో మాపో అది పాత పెంకు విడిచేస్తుంది. అలాంటివాటిని ఏరి వేరే తొట్టెలో వెయ్యాలి. లేకపోతే పెంకు విడిచి మెత్తబడ్డ పీతని పక్కనున్న గట్టి పీతలే పీక్కుతినేస్తాయి.

మెత్త పీతకి సీజనంతా గిరాకీయే. కాళ్ళతో సహా నమిలి మింగొచ్చు. పెంకు విడిచిన రెండు మూడు గంటల్లో నీళ్ళలోంచి తియ్యాలి, ఆలస్యమైతే కొత్త పెంకు బిగుసుకుపోతుంది. పందొమ్మిదేళ్ళుగా పిన్ని వాటిని పసిపిల్లల్లా రెండు చేతులా ఎత్తి హోటళ్ళకి పంపింది. ఒక్కటీ నోట పెట్టి ఎరగదు.

ఆ ఏడు సీజన్ మొదట్లో ఒకదానికి కాలు విరిగింది. హోటలువాళ్ళు తీసుకోరు కదా అని పిన్ని కాగితంలో చుట్టుకుంది. ఓనరు చూశాడు. చేతిలోంచి లాక్కుని ఎరల బకెట్లో పడేశాడు.

"ఇవి మీ నోళ్ళకి కావు పిన్నీ. ఇవాళ విరిగిందంటారు, రేపు మీరే విరుస్తారు."

షెడ్డులో ఏడుగురు ఆడవాళ్ళు విన్నారు. పిన్ని చెవులు కాలిపోయాయి. చేతులు కడుక్కుంది.

మర్నాడు పొద్దున ఒక్క ఊపున నలభై పీతలు పెంకు విడిచాయి. బయట హోటలు వ్యాను హారన్ కొడుతోంది. పిన్ని స్టూలు లాక్కుని తొట్టె పక్కన కూర్చుని చేతులు కట్టుకుంది.

"తియ్యవేం?" ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"తియ్యను. మనిషికొకటి మాకిస్తానంటే తీస్తాను."

"పిన్నీ, అవి బిగుసుకుపోతాయి!"

"నాకు తెలీదా ఏంటి?"

అతను మిగతావాళ్ళ వైపు తిరిగాడు. ఒకామె తలగుడ్డ సర్దుకుంది, ఒకామె కిటికీలోంచి చూసింది. ఎవరూ కదల్లేదు. తనే చెయ్యి పెట్టబోతే పొరపాటున గట్టి పీతల తొట్టెలో పెట్టాడు. కెవ్వుమన్నాడు.

"సరే, విరిగినవి తీసుకోండి."

"విరిగినవి నువ్వు తిను బాబూ. మాకు మంచివి కావాలి. మేం ఏరుకున్నవి."

హారన్ మళ్ళీ మోగింది. ఓనరు పళ్ళు కొరుక్కుంటూ తలూపాడు.

సరుకెత్తుకుని వ్యాను వెళ్ళాక, టీ కాచే పొయ్యి మీదే పెనం పెట్టారు. పిన్ని మొప్పలు తీసేసి, పిండిలో దొర్లించి, ఒక్కొక్కటే నూనెలో వేసింది. చిటపటమంటూ షెడ్డంతా ఘుమఘుమలాడింది. మొదటి ముక్క కరకరలాడి, లోపల వెన్నలా జారిపోయింది. ఉప్పగా, వెంటనే తియ్యగా. పిన్ని కళ్ళు మూసుకుంది.

"ఇన్నాళ్ళూ ఇదా మనం పార్సిల్ కట్టింది!" అంది పక్కామె, నోట్లో కాలు పెట్టుకునే.

సాయంత్రం ఓనరు పిన్నిని రేపట్నుంచి రావద్దన్నాడు. "మంచిది" అని ఆమె వేళ్ళు నాక్కుంటూనే వెళ్ళిపోయింది.

ఐదు రోజులు అతనే తొట్టెల్లోకి తొంగి చూశాడు. గీత కనిపిస్తే ఒట్టు. పెంకు విడిచినవాటిలో సగం తోటి పీతల పాలయ్యాయి. ఆరో రోజు పిన్ని ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమనలేదు.

"వస్తాను. వారానికోసారి మనిషికొకటి. కాగితం మీద రాసి గోడకి అంటించు, మళ్ళీ మర్చిపోతావు."

"ఎవరైనా చూస్తే పరువు పోతుంది పిన్నీ."

"పెద్ద అక్షరాలతో రాయి" అంది ఆమె, చొక్కా కాలరు తిప్పి వేస్తూ.