చల్లనీళ్ళు తిరిగొచ్చిన ఏడు

ఆవిడ అసలు పేరు రేవులో ఎవరికీ అక్కర్లేకపోయింది. వేటకెళ్ళే పడవలకి ఐసు వేసేది ఆవిడే కాబట్టి చిన్నాపెద్దా అందరికీ ఐసక్క. ఐసు ఫ్యాక్టరీ అనగానే పెద్ద మేడలేం ఊహించుకోకండి. ఉప్పునీటి తొట్టిలో వేలాడే ఇనప డబ్బాలు, గడ్డకట్టిన దిమ్మల్ని పొడిచేసే ఒక మిషను, మాటిమాటికీ అలిగే ఒక మోటారు, అంతే. ఆ మోటారుని తిట్టినంత ప్రేమగా ఆవిడ మొగుణ్ణి కూడా తిట్టి ఎరగదు.

మొగుడు సరంగు, అంటే పడవ నడిపేవాడు. వాళ్ళిద్దరి కాపురాన్ని నడిపింది మాత్రం సముద్రమే. ఎలాగంటారా? ఆ తీరంలో గాలి పైనీళ్ళని ఒడ్డు నుంచి లోపలికి తోసేస్తూ ఉంటుంది. పైనీళ్ళు జరిగితే అడుగునున్న చల్లనీళ్ళు పైకి లేస్తాయి. చేపల మేతకి కావలసిన సారమంతా వాటితోనే వస్తుంది. చల్లనీళ్ళున్నన్నాళ్ళూ పొద్దున్నే ఊరి మీద పొగమంచు కమ్ముతుంది కానీ వాన చుక్క రాలదు. అందుకే అక్కడ ఇళ్ళ కప్పులు కట్టినవాళ్ళెవరూ వాలు పెట్టలేదు. కానీ కొన్నేళ్ళకోసారి, ఆ మహాసముద్రం పొడుగునా వీచే పెద్దగాలి నీరసపడుతుంది. ఎక్కడో అవతల పోగుపడ్డ వేడినీళ్ళు ఇటు వెనక్కొచ్చి మూత పెట్టినట్టు కప్పేస్తాయి. మేత కరువై చేప నిలవదు. పైగా ఆ వేడికి మబ్బులు లేచి, వాన మొహం ఎరగని ఊరిని ముంచెత్తుతాయి. మళ్ళీ ఎప్పుడంటే, రెండేళ్ళకి రావచ్చు, ఏడేళ్ళకి రావచ్చు. అది ఎవరి మాటా వినే రకం కాదు.

అలాంటి ఏట పడవలన్నీ చేపల వెంట దూరపు రేవుకి వెళ్ళిపోయేవి. వాటితోపాటే సరంగూ వెళ్ళేవాడు. ఐసక్క మాత్రం కదిలేది కాదు. రోజూ కాసేపైనా తిప్పకపోతే మోటారు మూలపడుతుందని ఆవిడ భయం. వాన మొదలవగానే పడకగది కప్పు సరిగ్గా మంచం మీదే కారేది. ఆ మంచం పాతకాలపు కర్రమంచం, ఇద్దరు పడితేగాని లేవదు. ఆవిడ ఒక్కతే ఒక కాలు జరిపి, చుట్టూ వెళ్ళి ఇంకో కాలు జరిపి, ఎలాగో గది మధ్యకి ఈడ్చుకునేది. నీళ్ళు చల్లబడి పడవలు తిరిగొచ్చాక, సరంగు ఇంట్లో అడుగుపెడుతూనే "పట్టు" అనేవాడు. ఆయన ఒక కొస, ఆవిడ ఒక కొస. మంచం గోడ పక్కకి చేరిందంటే ఆయన వచ్చేసినట్టే. రమ్మని ఆవిడ ఎన్నడూ అడగలేదు, వస్తానని ఆయనా చెప్పలేదు.

ఈసారి వేడినీళ్ళు వచ్చి తిష్ట వేశాయి. ఫోను చేసినప్పుడల్లా సరంగు "నీళ్ళెలా ఉన్నాయి?" అనేవాడు, ఆవిడ "ఇంకా వెచ్చగానే" అనేది. అదే వాళ్ళ సరసం. ఒకసారి మాత్రం ఆయన, "నువ్వే ఇక్కడికి రాకూడదటే? ఒక్కణ్ణే కూర్చుంటే అన్నం సహించడం లేదు" అన్నాడు.

"నేనొస్తే నా మోటారుకి ఎవరు దిక్కు?" అని నవ్వేసింది ఐసక్క. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, తనకీ ముద్ద దిగడం లేదని. మళ్ళీ చేసి ఆ మాట చెబుదామంటే సిగ్గేసింది. ఈ వయసులో ఇవేం వేషాలు అనుకుంది. ఇదిగో, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మోటారుతో అన్ని మాటలు మాట్లాడే మనిషి, మొగుడితో ఒక్క మాట మాట్లాడలేకపోయింది. తర్వాత్తర్వాత ఆయన ఫోన్లు పల్చబడ్డాయి.

ఒక పొద్దున తలుపు తీస్తే ఎదురింటి గోడ కనపడలేదు. పొగమంచు. ఐసక్క గబగబా రేవు మెట్లు దిగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. వేళ్ళు జివ్వుమన్నాయి. ఇంటికొచ్చి కప్పు పగుళ్ళకి సిమెంటు పూసింది, కొత్త దుప్పటి తీసి పరిచింది. మంచాన్ని మాత్రం గది మధ్యలోనే ఉంచింది.

పడవలొచ్చాయి. సరంగు పడవా వచ్చింది, కానీ చుక్కాని దగ్గర ఎవరో కొత్తమనిషి. ఆ పడవ వంటవాడు ముందుగా దిగి ఆవిడ దగ్గరికొచ్చాడు.

"కంగారు పడకు వదినా, అన్న బాగానే ఉన్నాడు. అక్కడే ఉండిపోయాడు."

"ఇక్కడ నీళ్ళు చల్లబడ్డాయని తెలీదా?"

"తెలుసు. సంచి కూడా సర్దుకున్నాడు. మేం తాడు విప్పేదాకా నీ ఫోను కోసం చూశాడు. అక్కడి పడవ యజమాని ఉండమని ఒకటే బతిమాలాడు. చివరికి ఆయనకే మాటిచ్చేశాడు."

"నేనెప్పుడు పిలిచాను గనక? నీళ్ళు చల్లబడితే వచ్చేవాడు కదా."

వంటవాడు తల గోక్కున్నాడు. "అన్న చేప కాదు గదా వదినా" అన్నాడు.

ఐసక్క తొట్టి పక్కకెళ్ళి ఫోను చేసింది. "నీళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు సరంగు.

"చల్లగా ఉన్నాయి. నువ్వొచ్చెయ్. నువ్వు లేకపోతే నాకేం బాగాలేదు."

"ఈ మాట మొన్నే అనలేకపోయావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మాటిచ్చేశానే. ఇప్పుడు ఈ పడవ వదిలి రాలేను."

"మరెప్పుడొస్తావు?"

"సముద్రాన్నే అడుగు. ఇన్నాళ్ళూ దాన్నేగా అడిగావు."

బయట నుంచి "ఐసక్కా, ఐసూ" అని ఒకటే కేకలు. వెళ్ళి పొద్దుగూకేదాకా దిమ్మలు పొడిచి పోసింది. మోటారు ఒకసారి మొరాయిస్తే తిట్టలేదు కూడా. ఇంటికెళ్ళి మంచం కొస మీద చెయ్యి వేసి, ఆయనలాగే "పట్టు" అంది. తర్వాత ఒక కాలు జరిపింది, చుట్టూ వెళ్ళి ఇంకో కాలు జరిపింది. మంచం గోడ పక్కకి చేరింది.