తప్పు ఒప్పుకుంటే వచ్చిన లైసెన్సు

కోవిడ్ తగ్గి విమానాలు మళ్లీ మామూలుగా తిరుగుతున్న కాలం. ఆ వానాకాలంలో నేను జిన్నారం వైపు ఒక మందుల కంపెనీ ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండు రోజులు వెన్నెముక నిపుణురాలిగా పనిచేస్తున్నాను. మిగతా రోజుల్లో సాయంత్రాలు పటాన్‌చెరులో నా సొంత క్లినిక్ నడిచేది. కంపెనీలో నా హోదా విజిటింగ్ కన్సల్టెంట్. అంటే హాజరు పట్టీలో పేరు ఉండదు, క్యాంటీన్లో భోజనం మాత్రం ఉంటుంది. నా పైన ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరు, ఆయన పైన హెచ్.ఆర్. మేనేజరు. వైద్యం విషయంలో కూడా చివరి మాట మేనేజరుదే అని చేరిన వారంలోనే అర్థమైంది.

నా వృత్తి కైరోప్రాక్టిక్. మందులు, కోతలు లేకుండా చేతులతో వెన్నుపూసల కీళ్లను సరిచేసే విద్య. కార్మికులకు ఆ పేరు నోరు తిరిగేది కాదు, 'బొక్కలు ఎక్కించే మేడం' అనేవారు. కీలు సర్దుకున్నప్పుడు టక్కుమని చప్పుడు వస్తే వాళ్లకు మహా సంతోషం. చప్పుడు రాకపోతే వైద్యం జరగనట్టే. నిజానికి ఈ వృత్తిలో చదువు అక్కరకొచ్చేది ఎక్కించేటప్పుడు కాదు. చెయ్యి వేయకూడని వెన్ను ఏదో గుర్తుపట్టేటప్పుడు.

యాదయ్య అలాంటి వెన్నుతోనే వచ్చాడు. కొండాపూర్ మండలంలో కొద్దిపాటి పొలం ఉంది, అది ఇల్లు గడిచేంత కాదు. కంపెనీలో కాంట్రాక్టరు కింద రసాయనాల డ్రమ్ములు దింపే పని చేసేవాడు. నడుము పట్టేసింది, జెర ఎక్కియ్యమన్నాడు. పడుకోబెట్టి కుడికాలి బొటనవేలు పైకి ఎత్తమంటే సగమే ఎత్తగలిగాడు. పూసల మధ్య మెత్తటి దిండు జారి, కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోందనడానికి అది గుర్తు. అలాంటి నడుమును ఎక్కించరాదు, బరువు అసలే మోయించరాదు. స్కానింగ్ రాసిచ్చి, లైట్ డ్యూటీ చీటీ ఇచ్చాను. ఆ చీటీ ఉంటే కాంట్రాక్టరు మనిషిని తీసేయడానికి వీల్లేదు, తేలికపాటి పని చూపించాలి. యాదయ్యను ప్యాకింగ్ హాల్లో లేబుళ్లు అంటించడానికి పంపారు. ఆడవాళ్ల పని ఇచ్చారని అతను నామీద కొన్నాళ్లు గుర్రుగా ఉన్నాడు. బొటనవేలు మాత్రం మెల్లగా లేవసాగింది. స్కానింగ్ వరికోతలయ్యాక తీయించుకుంటానన్నాడు.

అప్పుడే కంపెనీకి ఆడిట్ వచ్చింది. సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫు మనుషులు వచ్చి, ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ప్రతి ఒక్కరి లైసెన్సు గడువు తేదీ అడిగారు. నాది దాటిపోయి ఉంది.

ఎందుకు దాటిందో చెప్పాలి. మన దేశంలో, నేను పనిచేసినన్నాళ్లూ, ఈ విద్యకు ప్రత్యేకంగా నమోదు చేసే మండలి అంటూ లేదు. నేను అమెరికాలో ఒక రాష్ట్రంలో చదివి, అక్కడే లైసెన్సు తీసుకుని, కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చాను. ఆ లైసెన్సును ఏటా రెన్యూవల్ చేయించుకోవాలి. రుసుముతో పాటు కొన్ని గంటల చదువు చూపించాలి, అందులో కొంత తరగతి గదిలో కూర్చుని వినాలి. విమానాలు ఆగిపోయిన రోజుల్లో తరగతి గదికి వెళ్లేదెట్లా? అక్కడి బోర్డు నా పేరును గడువు మీరిన వాళ్లలో వేసింది. తర్వాత ఆన్‌లైన్ తరగతులు ఒప్పుకున్నారు, గంటలన్నీ పూర్తిచేశాను. అయితే గడువు మీరిన లైసెన్సుకు రెన్యూవల్ చాలదు, పునరుద్ధరణ కావాలి. దానికి ఇంకో కాగితం జతచేయాలి. ఇప్పుడు పనిచేస్తున్న చోటి ప్రభుత్వ అధికారులు, ఈమె మీద ఏ చర్యా లేదు, సక్రమంగానే పనిచేస్తోంది అని రాసివ్వాలి.

హెచ్.ఆర్. మేనేజరు మర్యాదస్తుడు. "మీ పని మీద మాకు డౌటే లేదు మేడం, కాగితమే కావాలె," అన్నాడు. అది వచ్చేవరకు నా గదికి తాళం, నేను ఇచ్చిన చీటీలన్నీ నిలిపివేత. కనీసం యాదయ్య చీటీ మీదైనా మీరు సంతకం పెట్టండని మెడికల్ ఆఫీసరును అడిగాను. వేరే పద్ధతి వాళ్లు చెప్పినదాని మీద తాను పెడితే రేపు తన రిజిస్ట్రేషన్ మీదికొస్తుందని, ఎముకల డాక్టరు అభిప్రాయం తెమ్మని రాసి పంపాడు. నిబంధన ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు. నిబంధన ప్రకారం ఆ వ్యవహారంలో ఎవరూ తప్పు చేయలేదు.

కాగితం కోసం కాళ్లరిగేలా తిరిగాను. హైదరాబాద్‌లో డాక్టర్లను నమోదు చేసేచోట, మీరు మావాళ్లు కాదన్నారు. ఫిజియోథెరపీ వాళ్లను అడిగితే మీది మాది కాదన్నారు. చివరికి జిల్లాలో ఒక ఆఫీసుకు వెళ్లమన్నారు. ఆ ఆఫీసు పేరు రాయను. అక్కడ సత్తయ్య అనే సీనియర్ అసిస్టెంటు ఓపిగ్గా విన్నాడు.

"రిజిస్టరే లేదాయె మేడం," అన్నాడు. "ఉన్న రిజిస్టర్ల మీ పేరు లేదంటే రాసిస్త. లేని రిజిస్టర్ల లేదని ఎట్ల రాయాలె?"

అయినా నా పేరు కొట్టి కంప్యూటర్లో వెతికాడు. "ఉన్నది మేడం, మీ పేరు మా దగ్గర ఉన్నది," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఉన్నది నోటీసు. కొన్నేళ్ల కింద నకిలీ వైద్యుల తనిఖీ అంటూ ఒక బృందం పటాన్‌చెరులో నా క్లినిక్‌కు వచ్చింది. బోర్డు మీద నా పేరు ముందు 'డాక్టర్' అని ఉండటం వాళ్ల అభ్యంతరం. నా డిగ్రీ పేరే డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ అని పట్టా చూపించాను. చూసి, నోటీసిచ్చి వెళ్లారు. పక్క సందులో విరిగిన ఎముకలకు పహిల్వాన్ కట్టు కట్టే ఆయన దగ్గరికి పోలేదు, ఆయన బోర్డు మీద డాక్టర్ అని లేదు మరి. వాళ్ల జీపు డ్రైవరు మెడ పట్టేసిందని వెళ్లేముందు నాకే చూపించుకున్నాడు. నోటీసుకు నేను జవాబు రాశాను. దాన్ని ఎవరూ చదవలేదు. ఫైలు ఇంకా విచారణలోనే ఉంది.

ఇన్నేళ్లు ఇక్కడ పనిచేశానని ప్రభుత్వం దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం, నన్ను నకిలీ అంటున్న కాగితం. దాచే వీల్లేదు. అమెరికా బోర్డు దరఖాస్తులో, నీ మీద ఎక్కడైనా విచారణ ఉందా అనే ప్రశ్న ఉంది. అబద్ధం రాస్తే లైసెన్సు శాశ్వతంగా పోతుంది. నిజం రాశాను. విచారణ ముగిసేదాకా పరిశీలించబోమని జవాబు వచ్చింది.

ముగించమని సత్తయ్యను అడిగాను. నాది ఏ వైద్యమో వాళ్ల జాబితాలో లేదు కనుక తప్పని తేల్చలేరు, ఒప్పని తేల్చలేరు. అతనికి ఒకటే దారి కనిపించింది. తప్పు ఒప్పుకుంటూ రాసిస్తే, హెచ్చరించి ఫైలు మూసేస్తారు.

నాకు ఒళ్లు మండింది. నకిలీనని రాసిస్తే సక్రమమని రాసిస్తారా అని గట్టిగానే అడిగాను. పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూశారు.

"నకిలీ అని కాదు మేడం, తెల్వక డాక్టర్ అని పెట్టుకున్న అని రాయుండ్రి," అన్నాడు సత్తయ్య, గొంతు తగ్గించి. "ఇగ మీకు ఏ లొల్లి ఉండది." అతను నాకు సాయమే చేస్తున్నాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది. రాయనని చెప్పి వచ్చేశాను.

ఆ వారంలోనే యాదయ్య పటాన్‌చెరు క్లినిక్‌కు వచ్చాడు. చీటీ చెల్లదని మళ్లీ డ్రమ్ముల దగ్గరికి పంపారట. "కొత్తది రాసియ్యరాదు మేడం," అన్నాడు. నేను రాసేది ఇప్పుడు ఉత్త కాగితమేనని చెప్పాను. పెద్దాసుపత్రికి వెళ్లి ఎముకల డాక్టరు దగ్గర రాయించుకోమన్నాను.

"ఒక్క దినం పనికి నాగ పడితే ఊకుంటరు. రెండు పడితే నా జాగల ఇంకొకన్ని పెట్టుకుంటరు. ఆడ లైన్ల నిలవడితే ఒక్కదినంల అయితదా?"

మర్నాడు పొద్దున్నే సత్తయ్య ఆఫీసుకు వెళ్లి ఒప్పుకోలు రాసిచ్చాను. ఏళ్ల తరబడి చదివి సంపాదించుకున్న పట్టాను తెలియక పేరు ముందు పెట్టుకున్నానని, ఇకముందు పెట్టుకోనని నా చేతులతో రాశాను. సత్తయ్య ఒక మాట అటూ ఇటూ మార్పించాడు. 'హెచ్చరించి ముగించడమైనది' అన్న ఉత్తర్వు వచ్చింది. బోర్డు రాసే అతన్ని పిలిపించి క్లినిక్ బోర్డు మీద నా పేరు ముందున్న 'డాక్టర్' మీద తెల్లరంగు వేయించాను.

అడిగిన కాగితం బదులు ఆ ఉత్తర్వునే పంపాక కూడా అమెరికాలోని ఆ రాష్ట్రం బోర్డు తన సమావేశం తేదీ వచ్చేదాకా ఆగింది. తర్వాత లైసెన్సు పునరుద్ధరించింది. వాళ్ల వెబ్‌సైట్లో నా పేరు కింద, వేరే దేశంలో చర్యకు గురైంది అని ఒక వరుస చేర్చింది. ఎవరు వెతికినా అది కనిపిస్తుంది, ఇప్పటికీ ఉంది. కంపెనీ ఆడిట్ వాళ్లు దాన్ని చదవనే లేదు. గడువు తేదీ చూసుకుని టిక్కు పెట్టుకున్నారు. మేనేజరు అభినందించి తాళం తీయించాడు.

మొదటిరోజే యాదయ్యను పిలిపించమన్నాను. లేడన్నారు. పనిలో కూలబడ్డాడని, రాని రోజులు ఎక్కువయ్యాయని కాంట్రాక్టరు గేటు పాసు రద్దు చేయించాడట. ఫోను చేసి క్లినిక్‌కు రమ్మన్నాను. భార్య భుజం పట్టుకుని వచ్చాడు. నడుస్తుంటే కుడిపాదం లేవక నేలకు చప్పున కొట్టుకుంటోంది. నరం దెబ్బతింటే అలా పాదం పడిపోతుంది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించాం, నొప్పి పోయింది. పాదం తిరిగి లేవలేదు.

ఆపరేషన్ తర్వాత ఒకసారి వచ్చినప్పుడు, నాకు లైసెన్సు వచ్చిందట కదా అని అడిగాడు. వచ్చిందన్నాను.

"మంచిగైంది మేడం," అన్నాడు. "గట్లైతే ఇప్పుడు చీటీ రాస్తే చెల్లుతది. రాయుండ్రి, గేటు కాడ చూపిస్త. లేబుళ్ల పని కూసోని చేసేదే గదా."

రాశాను. మేనేజరు దాన్ని కాదనలేదు, చెల్లుతుందనే అన్నాడు. చెల్లే చీటీ ప్రకారం బరువులు ఎత్తలేని మనిషిని కాంట్రాక్టరు కొత్తగా పనిలోకి తీసుకోనవసరం లేదు. ఉన్నవాళ్లను తీసేయకూడదు, అంతే. యాదయ్య గేటు దగ్గరనుంచే వెనక్కి వెళ్లాడు. ఇంకో నెల పనిచేసి నేనూ ఆ గదిని వదిలేశాను. నిరుడు క్లినిక్ కూడా మూసేశాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఫోను చేసి, లైసెన్సు రెన్యూవల్ ఇక్కడివాళ్లకు ఎందుకు, ఎవరు అడుగుతారని అంటుంటారు. నేను వాళ్లకు చెప్పేది ఇంతే. ఎవరూ అడగని రోజుల్లోనే దాన్ని సజీవంగా ఉంచుకోవాలి. మీరు రాసే ప్రతి చీటీ మీద ఈ దేశపు రిజిస్టర్లో పేరున్న డాక్టరు ఒకరి సంతకం పక్కనే పెట్టించుకోవాలి, పెట్టనంటే పెట్టేవాళ్లు దొరికేదాకా తిరగాలి. యాదయ్యకు నేను రాసిన రెండు చీటీల్లోనూ ఉన్నది ఒకే మాట, బరువులు ఎత్తరాదని. కాలు పోకముందు రాసింది చెల్లకుండా పోయింది. కాలు పోయాక రాసింది చెల్లింది.