గోడ మీది కొలత దారాలు

మొన్న మనవడికి పెళ్లిబట్టలు కొందామని మిర్యాలగూడ వెళ్లాం. రెడీమేడ్ దుకాణంలో సేల్స్‌మన్ మావాణ్ని పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, "నలభై" అన్నాడు. టేపు తీయలేదు, చేయి ఎత్తమనలేదు. వెనక అరలోంచి అట్టపెట్టె దించి చొక్కా తొడిగేశాడు. భుజాలు జారినట్టున్నాయి కదా అంటే, "ఇప్పుడదే నడుస్తుంది అమ్మమ్మా" అన్నాడు. ఎనభై దాటిన మనిషి భుజాల గురించి మాట్లాడితే వినేదెవరని నేను ఊరుకున్నాను. కానీ బస్సు సూర్యాపేట చేరేదాకా నా కళ్లు ముందు సీట్లలోని మగవాళ్ల భుజాల మీదనే ఉన్నాయి. రెండు భుజాలూ సమంగా ఉన్న మనిషి ఒక్కడూ కనపడలేదు. మా మేనమామ అదే అనేవాడు.

మా మామ సూర్యాపేటలో దర్జీ. బట్టల సేటు దుకాణం అరుగు మీద ఆయన మిషను, దాని వెనక మా ఇల్లు. నాకప్పుడు పదహారేళ్లు. అమ్మా నాన్నా లేకపోతే మామ తెచ్చుకుని సాకాడు. కాజాలు కుట్టడం నా పని. మామకు అక్షరం రాదు, టేపు మీద నమ్మకం లేదు. మనిషి వస్తే నూలు దారం పేని, ఆ మనిషి ఒంటికి పట్టి ముళ్లు వేసేవాడు. మొదటి ముడి భుజం, రెండోది చేయి, మూడోది ఛాతీ, చివరిది పొడుగు. దారం కొసకు ఆ మనిషి కుట్టించుకున్న మొదటి అంగీ గుడ్డపీలిక కట్టేవాడు. అదే పేరు. ఆ దారం గోడకున్న మేకులకు వేలాడేది. చివ్వెంల నుంచి పాలకీడు దాకా ఎంతమంది ఆ గోడ మీద ఉండేవారో. ఏళ్ల తర్వాత వచ్చినా మామ పీలిక చూసి దారం తీసి, "కడుపు పెరిగిందే, ఎవలింట్ల తింటున్నవ్?" అని ముడి జరిపేవాడు. మనిషి చనిపోయాడని కబురొస్తే మాత్రం దారం ముళ్లు విప్పి, వత్తి చేసి, సందెదీపంలో వేసేది మా అత్త. దర్జీ ఇంట్లో అది ఆనవాయితీ. చచ్చినవాడి కొలత ఇంట్లో ఉండకూడదు, బతికినవాడి కొలత మంటలో పడకూడదు.

ఆ ఏడు ఊళ్లో బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. పెళ్లిళ్లు ఆగాయి. అరుగు మీదకు ఖాకీ తాన్లు వచ్చాయి. నిజాం సర్కారు అండతో తుపాకులు పట్టుకుని ఊళ్ల మీద తిరిగే గుంపుకు దుస్తులు కుట్టాలని ఆజ్ఞ. కాదనే మాట లేదు. కుట్టిన అంగీలు ఇంట్లో వరసగా తాడుకు వేలాడదీస్తే, గాలికి చేతులు ఊపుతూ తలలు లేని మనుషులు నిలబడ్డట్టు ఉండేవి. వాటి కిందే కూర్చుని అన్నం తినేవాళ్లం. అత్త తల ఎత్తేది కాదు.

ఆ గుంపు నాయకుణ్ని అందరూ సాలార్ అనేవారు. కొలతలకు తనే వచ్చాడు. సన్నటి మనిషి, అత్తరు వాసన. మా మామ భయపడ్డా బాగుండేది. ఆయనకు పనితనం మీద గర్వమెక్కువ. సాలార్ గోడ చూసి ఇవేమిటని అడిగితే, మామ మొత్తం విప్పి చెప్పాడు. ముళ్లు, పీలికలు, దీపం ఆనవాయితీ, అన్నీ. "నేను కుట్టిన అంగీ ఏడ దొరికినా, ఎవ్వలిదో చెప్త సాబ్. మనిషి అబద్ధమాడ్తడు గని దారం ఆడది" అన్నాడు. సాలార్ తన దారాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తనే దాన్ని మేకుకు తగిలించాడు.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం సాలార్ ఒక అంగీ తెచ్చి మిషను మీద పడేశాడు. వీపు మీద నిలువునా చిరిగి ఉంది. సర్కారు మీద తిరగబడి చివ్వెంల చేలల్లో దాక్కున్నవాళ్లకు ఎవరో రొట్టెల మూట మోస్తున్నాడట. తరిమితే ముళ్లకంచె దూకి పారిపోయాడట, అంగీ కంచెకు చిక్కిందట. చూడనిది చూసినట్టు రాయకూడదని తర్వాత పత్రికలో పనిచేసినన్నాళ్లూ నేర్చుకున్నాను, కాబట్టి ఇది విన్నమాటే. చూసింది అంగీని. దాని కాజాలు నావి. నాది ఎడమచేతి వాటం, కుట్టు అవతలి వైపు తిరుగుతుంది.

"దారం అబద్ధమాడదన్నవ్ గదా," అన్నాడు సాలార్. "నీ ముళ్లు నువ్వే సదువు. దీపం పెట్టే యాళ్లకు వస్త."

మామకు దారం అక్కర్లేకపోయింది. అంగీ ఎత్తి పట్టుకోగానే ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి దిగింది. చివ్వెంల నుంచి ఎడ్లబండి మీద కట్టెలు తెచ్చి అమ్మే బండాయన. చిన్నప్పటినుంచి బస్తాలు మోసి ఒక భుజం వాలిన మనిషి. ఆయన దారానికి మాత్రమే భుజం దగ్గర జంట ముడి. మామ ఆ దారం తీసి పిడికిట్లో పెట్టుకుని, "ఇదొక్కటి మాయం చేస్తే అయిపాయె" అన్నాడు.

అత్త పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే అంది: "ఒక్కటి తీస్తే వాడు మిగిలినయి కొలిపిస్తడు. వాలు భుజం సంగతి వానికేం ఎరుక? ఛాతీ, చేయి కలిసినోడు ఇంకొకడు దొరుకుతడు. అప్పుడు వాని పెండ్లానికి నువ్వేం చెప్తవ్?"

మామ గోడ దగ్గరకు వెళ్లి దారాలన్నీ మోపుగా దించాడు. ముగ్గురం కూర్చుని ముళ్లు విప్పాం. గోళ్లు నొప్పి పుట్టాయి. అత్త ప్రతి పీలికనూ ఊడదీస్తూ ఆ మనిషిని పేరుతో పిలిచి తప్పు కాయమని అడుగుతోంది. కిరాణం సేటు, బడి పంతులు, చర్చి తోటమాలి, మా ఇంటికి పాలు పోసేవాడు. అందరూ బతికున్నవాళ్లే. నా దారం కూడా అందులో ఉంది, గళ్ల గుడ్డ పీలికతో. అత్త నా ముఖం చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నాదీ విప్పింది.

సాలార్ వచ్చేసరికి మూకుట్లో ఆముదం నిండా పోసి, దారాలన్నీ లావుపాటి వత్తిగా పేని వెలిగించాం. అంత మంట ఆ ఇంట్లో ఎన్నడూ లేచింది లేదు. గోడ మీద ఉత్త మేకులు.

"చెదలు పట్టినయ్ సాబ్," అన్నాడు మామ.

సాలార్ గోడ చూశాడు, మంట చూశాడు. మామ చెప్పిన ఆనవాయితీ ఆయనకు గుర్తొచ్చిందని ఆ ముఖంలో కనపడింది. "నాది గూడనా?" అన్నాడు మెల్లగా.

"అందరివీ సాబ్. మీది గూడ."

ఆయన వెంట వచ్చినవాడు తుపాకీ సర్దుకున్నాడు. సాలార్ చేయి అడ్డం పెట్టి, దీపం ఆర్పమన్నాడు. మా అత్త కదల్లేదు. "దీపం నోటితోని ఊదరాదు సాబ్. నూనె అయిపోతే అదే కొండెక్కుతది" అంది. ఆయన గడప మీద కూర్చుని ఆ మంటకేసి చూస్తూ ఉండిపోయాడు. లేచేటప్పుడు అంగీని చంకలో పెట్టుకుని, "రేపు మిషన్ తోని కోదాడకు నడువు. అక్కడ నన్ను మళ్ల కొలువు. నా దారం నీ మెడల ఉండాలె. అది పోయిన్నాడు నువ్వూ పోతవ్" అన్నాడు.

పొద్దున సాలార్ మనుషులు బజారులో దొరికిన బండిని తోలుకొచ్చారు. బండి తోలుతున్నది చివ్వెంల బండాయన. ఊళ్లో కనపడకపోతే అనుమానిస్తారని ఎప్పటిలాగే కట్టెలు అమ్మడానికి వచ్చాడట. ఒంటి మీద అంగీ లేదు. మిషను ఎత్తుతుంటే ఎడమ భుజం ఇంకా కిందికి వాలింది. నేను తలుపు చాటున నా కాజాలు కుట్టే చేతిని నోట్లో కుక్కుకున్నాను.

"అంగీ ఏదిరా?" అన్నాడు సాలార్.

"ఉన్నదొక్కటి సినిగింది సాబ్. కుట్టేటాయన్నేమో మీరు తీస్కపోవడ్తిరి."

సాలార్ నవ్వాడు. చంకలోని అంగీని బండిలోకి విసిరి, మిషనుకు దెబ్బ తగలకుండా దాంతో చుట్టమన్నాడు. బండాయన తన అంగీని తానే జాగ్రత్తగా మిషను చుట్టూ చుట్టి, చేతులు రెండూ ముడి వేశాడు. మామ ఆయనవైపు చూడకుండా బండెక్కాడు. చక్రాల చప్పుడు వినపడకుండా పోయేదాకా అత్త ఊపిరి పీల్చిందో లేదో నాకు తెలియదు.

సర్కారు మారాక మామ నడిచి తిరిగొచ్చాడు. మిషను రాలేదు. మెడలో దారం ఒకటి వేలాడుతోంది. సాలార్ ఏమయ్యాడని అత్త అడిగితే, "ఎటు పోయిండో ఎరుక లేదు. సచ్చిండని కబురు రాలే. గందుకే కాల్చలే" అన్నాడు. ఖాళీ గోడకు ఆ ఒక్క దారాన్నీ తగిలించాడు. చివ్వెంల బండాయన మళ్లీ కొలతకు వచ్చాడు, పాలు పోసేవాడు రాలేదు. ఆ ఏడాదిలో ఎవరు పోయారో, ఎవరు ఊరొదిలారో, ఎవరు అలిగి ఇంకో దర్జీని చూసుకున్నారో మాకు తెలిసే దారి లేకపోయింది. ఆ తర్వాత మామ టేపు కొన్నాడు.

సాలార్ దారం ఇప్పుడు నా ట్రంకు పెట్టెలో ఉంది. కబురు ఇంకా రాలేదు, ఇక రాదు కూడా. ఆ సందెవేళ మేం ముందుగా కాల్చేసినవాళ్లందరినీ కాలం తీరిగ్గా, తొందరపడకుండా, ఒక్కొక్కరినే తీసుకుపోయింది. నా గళ్ల పీలిక ఒక్కటే మిగిలింది.