ఖాళీ గిన్నె ఇవ్వరాదు

మా ఊర్లో నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజున పెళ్ళి ముహూర్తం పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. తాళి కట్టే వేళకు ట్యాంకరు హారను మోగిందంటే పీటల దగ్గర పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పురోహితుడు తప్ప ఎవరూ మిగలరు. పురోహితుడి సంగతి కూడా నేను గట్టిగా చెప్పలేను.

అలాంటి ఊర్లో, రెండు వేల దశకం చివర్లో, వేరుశనగ చెట్టు పీకితే వేళ్ళు తప్ప కాయలు కనబడని ఒక ఏడాది, ఉత్తరాన నది పొంగి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయని టీవీలో చూపించారు. టీ అంగడి ముందర అందరం నిలబడి చూశాం. మా పక్కింటి రైతు ఒకాయన చాలాసేపు చూసి, "అన్నీ నీళ్ళే" అన్నాడు. ఆ మాటలో జాలి ఎంతో, ఆశ ఎంతో నాకు తేలలేదు.

ఇంట్లో ఉన్న పాత బట్టలు, గిన్నెలు పోగుచేసి పంపుదామని వీధి వీధంతా అనుకుంది. రాయదుర్గానికి జీన్సు ప్యాంట్ల మూటలు మోసే వ్యాను డ్రైవరు మా వీధివాడే. రెండు రోజులు బండి ఇస్తానన్నాడు. సర్దే పని, బండితో పాటు పోయి ఇచ్చొచ్చే పని నాకు అప్పజెప్పారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి కదా. ఇంట్లో నన్ను ఎవరూ లెక్కచేయరు గాని, వీధిలో కొంచెం పరువుండేది.

నా పథకం గొప్పగా ఉండింది. చిన్న గిన్నె పెద్ద గిన్నెలోకి, గ్లాసు చెంబులోకి, చీరలు బిందెల కడుపుల్లోకి. బోర్డు మీద బొమ్మ గీసినట్టు మా అరుగు మీద అంతా పేర్చి చూపించాను. అమ్మ ఒక చీర తీసి వాసన చూసింది.

"ఇవి ఉతికినవేనా?"

"ఆడ నీళ్ళకేం తక్కువ లేదు గదమ్మా. వాళ్ళే ఉతుక్కుంటారు."

"కొంపలు పోయినోళ్ళకు ఉతికే పని గూడా పంపిస్తావేంరా?"

ఆ వారం మా వీధిలో స్నానాలు చెంబుల్లోకి దిగాయి. ట్యాంకరు నీళ్ళన్నీ ముక్కూ మొగమూ తెలియని మనుషుల బట్టలకు పోయాయి. ఎండకు మాత్రం మా దగ్గర కరువు లేదు కాబట్టి, పిండిన చీర దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోయేది. ఆరినవాటిని ఆడవాళ్ళు మా అరుగు మీద వేసుకుని కూర్చున్నారు. ఊడిన గుండీలు కుట్టారు. లంగాలకు బొందులు ఎక్కించారు. బొందు లేని లంగా పంపేది, పంపకపోయేది ఒకటేనని వాళ్ళ తీర్మానం. కుట్లు విడిపోయిన రవికెలు నోట్లో దారం పట్టుకుని బాగుచేశారు. ఇదంతా అయ్యాక అమ్మ పసుపు గిన్నె తెచ్చి, మడత పెట్టిన ప్రతి బట్ట అంచుకూ చుక్క అద్దడం మొదలుపెట్టింది, పండగకు కొత్త బట్టలకు పెట్టినట్టు.

"పాత బట్టలకు పసుపేందమ్మా?"

"మనకు పాతవి. కట్టుకునేటోళ్ళకు?"

ఆ కుప్పలో నా నీలం చొక్కా కూడా ఉంది. అది వేసుకుని నేను తప్పకుండా ఇంటర్వ్యూలకు పోయేవాణ్ణి, తప్పకుండా తప్పేవాణ్ణి. దాని అంచుకు కూడా పసుపు అంటింది. ఆ పసుపేదో అప్పుడే పెట్టి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను.

ఇక గిన్నెల దగ్గర నా పథకం పూర్తిగా కూలిపోయింది. మా వైపు ఎవరికైనా గిన్నె ఇస్తే ఖాళీగా ఇవ్వరు. పక్కింటి నుంచి మజ్జిగ చెంబు వస్తే, తిరిగి పోయేటప్పుడు అందులో కొన్ని చింతకాయలో, పిడికెడు ఉప్పో ఉండాల్సిందే. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా నా బొమ్మలో దానికి చోటు పెట్టలేదు. ఒక గిన్నెలో ఇంకో గిన్నె పట్టాలంటే అది ఖాళీగా ఉండాలి. వచ్చినవన్నీ నిండుగా వచ్చాయి. జొన్నలు, కొర్రలు, రాగిపిండి, ఎండుమిరపకాయలు, ఉప్పు. గ్లాసుల్లో కూడా వేరుశనగ కాయలు.

మా అమ్మ ఒక్కో గిన్నెనూ విత్తనం కాయల సంచి దగ్గరికి తీసుకుపోతోంది. వచ్చే వానకు వేయడానికి నాయన దాచుకున్న సంచి అది. నాయన సంచి వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, తుండు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. అంతకన్నా పెద్ద సంతకం మా ఇంట్లో ఎవరూ చేసి ఎరగరు. సర్దడానికి వచ్చిన నేను సర్దుకుపోయాను.

వ్యాను ఇంజను వేశాక వీధి చివరి రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే అవ్వ వచ్చింది. నడుం మీద సొట్టపడిన సత్తు బిందె, దాని మూతికి గుడ్డ కట్టి ఉంది. ఆ బిందె నాకు బాగా తెలుసు. ఆమెకున్నవి రెండే బిందెలు. ట్యాంకరు వరసలో సొట్ట బిందె కనబడితే అది అవ్వ చోటని ఎవరూ జరిపేవారు కాదు. అందుకోబోయి, బరువుకు ముందుకు తూలాను.

"ఏం పెట్టినావవ్వా ఇందులో?"

డ్రైవరు గుడ్డ ఎత్తి చూశాడు. అంచుల దాకా నీళ్ళు.

"ఏమవ్వా, వరదలో మునిగినోళ్ళకు నీళ్ళు తీసకపోవల్లనా?" అని పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అవ్వ మొహం చూశాక ఆపేశాను.

"ఇంట్లో గింజ లేదప్పా. ఖాళీ కడవ ఎట్ల ఇచ్చేది? ఉండేది పెట్టినా."

"మళ్ళ ట్యాంకరొచ్చే వరకు నువ్వేం తాగుతావు?" అంది అమ్మ.

"మీ ఇంటికొస్తా."

"రా. అడిగేదేముండాది, వచ్చి ముంచుకో."

డ్రైవరు బిందె మీద చెయ్యి వేశాడు. "నీళ్ళు ఈడనే వంచేసి ఉత్త కడవ తీసకపోదాం సార్. బండిలో ఒలికితే బట్టలన్నీ తడుస్తాయి."

"వంచితే నా కడవ నాకిచ్చేసి పోండి" అంది అవ్వ. గొంతు పెంచలేదు. డ్రైవరు చెయ్యి తీశాడు.

చివరికి బిందె క్యాబిన్లో నా ఒళ్ళోకి వచ్చింది. అవ్వ కిటికీ దగ్గరికొచ్చి గుడ్డను ఇంకోసారి బిగించింది. "ఒలకనియ్యొద్దప్పా" అంది.

ఒళ్ళో నీళ్ళ బిందె పెట్టుకుని మా రోడ్ల మీద పోవడం లెక్కల పుస్తకాల్లో లేని లెక్క. మొదట్లో డ్రైవరు, "సార్, గుంతొస్తాంది, మొక్కుకో" అని ఆటపట్టించాడు. టీ కోసం బండి ఆపితే నేను దిగలేదు. గ్లాసు తెచ్చి కిటికీలోంచి నా నోటికి అందించాడు. అప్పటి నుంచి ఆటలు తగ్గాయి. నల్లరేగడి నేలలు వచ్చేసరికి, ప్రతి గుంతకూ బండిని పసిబిడ్డ ఉయ్యాల లాగా దించి ఎక్కించాడు. వెనక హారను కొట్టిన బస్సు మీద అరిచాడు కూడా: "మెల్లగ రారాదా, నీళ్ళుండాయి."

తర్వాత రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు మొదలయ్యాయి. నా జన్మలో అన్ని నీళ్ళు చూడలేదు. చెట్ల తలలు మాత్రం బయట ఉన్నాయి. నీళ్ళు ఎర్రగా, కదలకుండా, ఆకాశం అంచు దాకా. డ్రైవరు బండి వేగం తగ్గించాడు. మా ఇద్దరికీ అది ఎక్కువో, తక్కువో, భయమో, ఏమని అనాలో తెలియలేదు.

మునిగిన ఊరి జనమంతా మిట్ట మీదున్న బడిలో ఉన్నారు. నేను బిందెతో దిగాను. నా ప్యాంటు ముందుభాగం మొత్తం తడిసి, లెక్కల మాస్టరు గౌరవానికి తగ్గట్టు లేదు. ఎవరూ ప్యాంటు వైపు చూడలేదు. మోకాళ్ళ దాకా బురద ఎండిన చీరలో ఒకామె బిందె వైపే చూస్తూ దగ్గరికి వచ్చింది.

"తాగే నీళ్ళా అన్నా?"

అవునన్నాను.

"బావి మునిగిపాయె, బోరు మునిగిపాయె. ట్యాంకరు వస్తాదంటాండారు, పొద్దున్నించి చూస్తాండాం."

ట్యాంకరు అనే మాట ఆ నీళ్ళ మధ్యన వినబడేసరికి బిందెను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె మా గ్లాసులు తీసి, వేరుశనగ కాయలు కొంగులోకి వంచుకుని, పిల్లల్ని కూర్చోబెట్టింది. నేను బిందె వంచాను, ఆమె గ్లాసు పట్టింది. ఒక్క చుక్క నేల తాకలేదు. పిల్లలయ్యాక ముసలివాళ్ళు. అందరికన్నా చివర ఆమె రెండు గుక్కలు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎవరిచ్చినారన్నా?"

"మా వీధిలో ఒక అవ్వ."

"మీ కాడ నీళ్ళు బాగుండాయేమో" అంది. డ్రైవరు నా వైపు చూశాడు. ఇద్దరం బండి వైపు నడిచాం.

మేము బట్టలు దించుతుండగా హారను వినబడింది. మునిగిన ఊరికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఆమె సొట్ట బిందె చంకన పెట్టుకుని పరుగెత్తి, అందరికంటే ముందు దాన్ని వరసలో నిలబెట్టింది.

మరుసటి రోజు మేము వచ్చేసరికి అవ్వ మా అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె రెండో బిందె, మా ఇంటి నీళ్ళతో.

"ఒలికిందా?"

"కొంచెం నా ప్యాంటు తాగిందవ్వా. మిగిలిందంతా వాళ్ళే తాగినారు."

"కడవ ఏం చేసినారు?"

"ట్యాంకరు కాడ వరసలో పెట్టినారు."

అవ్వ నా మొహంలోకి చూసింది, నేను ఆటపట్టిస్తున్నానేమోనని.

"ఆడ గూడానా?" అంది.

తలూపాను. ఆమె కాసేపు ఉత్తరం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, బిందె నడుం మీదికి ఎత్తుకుని, తొణక్కుండా ఇంటికి నడిచింది.