చాచా ఎడమచెయ్యి

మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో నేను మొక్కలకు నీళ్లు పట్టే రోజుల్లో, అక్కడ గడ్డి కోసే బండిని ఒక చాచా నడిపేవాడు. చిన్న ట్రాక్టరులా మీద కూర్చుని నడిపే బండి అది. ఇంజనుకు రెండు పక్కలా రెండు సిలిండర్లు. బలం తగ్గి బండి మూలిగిందంటే చాచా దిగి, ఒక్కో పక్క ఒక్కో అరచెయ్యి ఇట్టే తాకించి తీసేవాడు. ఏ పక్క చల్లగా ఉంటే ఆ పక్క మండటం లేదని లెక్క.

ఎనభైల చివర ఒక ఎండాకాలం, బండి గడ్డి మధ్యలో ఈడ్చుకుంటూ నడిచింది. చాచా దిగి రెండు చేతులూ పెట్టాడు. కుడిచెయ్యి చటుక్కున తీశాడు. ఎడమచెయ్యి అక్కడే ఉంచి, "గీ పక్క సల్లగుంది బిడ్డా, ప్లగ్గు పోయినట్టుంది" అన్నాడు.

చర్మం కాలిన వాసన ముందు నాకే తెలిసింది.

"చాచా, చెయ్యి తియ్! కాలుతాంది!" అని అరిచి లాగేశాను. అరచెయ్యి తెల్లగా ఉడికిపోయింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నొప్పి లేదు గదా!" అన్నాడు.

ఆయన భార్య చాచీని పిలిచి, అప్పుడే దవాఖానకు తీసుకుపోయాను. కుష్టు అన్నారు, తొలిదశే అన్నారు. బండికి ఉన్న రోగం దుమ్ము పట్టిన ఫిల్టరు, అంతే. చాచా చాలాకాలం గోలీలు మింగి, నయమై, మళ్లీ ఆ బండి ఎక్కాడు.

అయినా ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ దవాఖాన గదే కళ్లముందుకొస్తుంది. డాక్టరు కళ్లు మూసుకోమని, సూది గుచ్చినప్పుడల్లా చెప్పమన్నాడు. ఎడమచేతి వేళ్ల మీద ఒక్కొక్కటిగా గుచ్చుతూ పోయాడు. చాచీ కొంగు నోట్లో కుక్కుకుంది. చాచా కళ్లు మూసుకునే అన్నాడు:

"జర జల్ది షురూ చెయ్యుండ్రి సార్."