కంకిపాడులో మాస్టారి విమానం

నవంబరు పదహారు, ఆదివారం, ఉదయం పదకొండూ ఇరవైకి తెనాలిలో ప్యాసింజరు రైలు ఎక్కాను. నాకు విమానం నడపడం నేర్పి, తర్వాత జీవితమంతా స్నేహితుడిగా ఉన్న శేషగిరి మాస్టారు పోయి పది నెలలయింది. కంకిపాడు అవతల పొలంలో ఆయన ఉంచుకున్న రెండు సీట్ల చిన్న విమానాన్ని హైదరాబాదు ఆయనెవరో కొన్నారు. సాయంత్రం ఆరింటికి రెక్కలు విప్పి లారీ ఎక్కిస్తారు. ఈలోగా మాస్టారి భార్య రాజ్యం గారిని ఒక్కసారి కృష్ణ మీదుగా తిప్పి తెస్తానని కొడుకు రవి అన్నాడు. భర్త ఉన్నన్నాళ్లూ ఆవిడ భయంతో ఆ రెండో సీట్లో కూర్చోలేదు. "మీరుంటే ధైర్యం వదినా, రండి" అని ఫోన్ చేశారు.

కృష్ణా కెనాల్ స్టేషన్లో రైలు నలభై నిమిషాలు ఆగింది. బెజవాడ బస్టాండులో రెండు ఇడ్లీలు తిని బందరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు సున్నా రూపాయల టికెట్టు ఇచ్చాడు. పక్క సీట్లో పెడన చీరల మూటతో ఒకావిడ.

"ఎందాకా అండీ?"

"కంకిపాడు. విమానం ఉంది."

"విమానాలు గన్నవరంలో గదండీ. బస్సు తప్పెక్కారు."

"ఇది పొలంలో ఉండే విమానం."

ఆవిడ నన్నోసారి చూసి, మూటను దగ్గరకు లాక్కుంది.

కంకిపాడు సెంటర్లో ఆటో మాట్లాడుకుని మూడింటికి పొలంలో విమానం ఉండే షెడ్డు చేరాను. వెళ్లేవారు తిరుగు ఆటో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి, సాయంత్రం దొరకదు.

పటమట నుంచి వాళ్ల కారు నాలుగూ ఐదుకు వచ్చింది. భోజనాలకొచ్చిన బంధువులు ఆలస్యంగా కదిలారట. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం. రవి పరుగు మీద రెక్కలు చూశాడు, ఆయిలు చూశాడు. రాజ్యం గారు మాస్టారి ఫోటో ఒళ్లో పెట్టుకుని అప్పటికే వెనక సీట్లో కూర్చున్నారు.

"గ్లాసేదీ?" అన్నాను.

ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గ్లాసులోకి వదిలి, వెలుతురులో పెట్టి చూడనిదే మాస్టారు ఎవర్నీ కదలనిచ్చేవారు కాదు. నీరుంటే అడుగున విడిగా కనబడుతుంది.

"పొద్దున ఇంజను తిప్పి చూశా అత్తయ్యా. బ్రహ్మాండంగా ఉంది."

"నేల మీద బాగానే ఉంటుంది. ఒక వర్షాకాలమంతా నిలబడ్డ బండి ఇది."

"టైము లేదు. అమ్మ తర్వాత కాలు పెట్టదు."

"పక్కకు జరగండి వదినా," అన్నారు రాజ్యం గారు లోపల్నుంచి. "ఇప్పుడు ధైర్యంగా ఉన్నాను. కాసేపాగితే ఉండను."

నేను ముందు చక్రం దగ్గర నేల మీద కూర్చున్నాను.

"లేవండి అత్తయ్యా. లారీ వాళ్లు చూస్తున్నారు."

"చూడనీ."

రవి కోపంగా వెళ్లి గ్లాసు తెచ్చాడు. పెట్రోలు కింద రెండు వేళ్ల మందాన నీరు. పారబోసి మళ్లీ పట్టాడు. మళ్లీ నీరే. గ్లాసు శుభ్రంగా వచ్చేసరికి నాలుగూ ముప్పై ఆరు.

"ఇప్పుడు బాగుందమ్మా, పోదాం," అన్నాడు.

ఆవిడ దిగిపోయారు. "మీ నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లిందీ ఈ ఘడియల్లోనే. వద్దు."

రాహుకాలం ఆరింటిదాకా. సూర్యాస్తమయం అయిదున్నరకు. ఆ పొలంలో దీపాలు లేవు. ఎవరూ లెక్క చెప్పక్కర్లేకపోయింది. రాజ్యం గారు ఫోటో పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. ఆరింటికి లారీ వాళ్లు బోల్టులు విప్పసాగారు.

"అలాగే లేచి ఉంటే కాలవ దాటకముందే ఇంజను ఆగేది," అన్నాడు రవి నెమ్మదిగా. ఆగకపోయి ఉండవచ్చు కూడా.

బయల్దేరబోతూ ఆవిడ దగ్గరకు వెళ్లాను.

"నన్ను బతికించారండీ," అన్నారు. "ఎగరనివ్వలేదు. రెండూ మీరే చేశారు."

రవి కారులో స్టేషన్‌కు దింపాడు. రైలు వంతెన ఎక్కినప్పుడు కిటికీలోంచి కృష్ణ నల్లగా కనబడింది. మళ్లీ ఇదే జరిగితే మళ్లీ ఆ చక్రం ముందే కూర్చుంటాను. ఎవరికీ గాయం కాలేదు. పోయినవి: మాస్టారి విమానం, రాజ్యం గారి ఒకే ఒక్క ప్రయాణం, ఆవిడతో నా స్నేహం.