గోడ అవతలి బోరు

అది 2022 మే నెల. కాజీపేటలో ఒక చర్చి బోరు ఎండిపోయింది, కొత్తదానికి పాయింట్ చూడమని నాకు కబురొచ్చింది. నేను జియాలజిస్టుని, భూమిలో నీళ్ల జాడ వెతకడం నా పని. కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసేవాళ్లకూ నాకూ రెసిస్టివిటీ మీటర్ ఒక్కటే తేడా అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. నేలలో కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపితే, రాతిలో తడి పగుళ్లు ఎక్కడున్నాయో ఆ మీటర్ పసిగడుతుంది.

ప్రహరీ పక్కనే మంచి పాయింట్ దొరికింది. ఆరువందల అడుగులు వేయమని చెప్పి, సున్నంతో గుర్తు పెట్టాను. పాస్టర్ యోహాను గారి మొహం వెలిగింది. అంతలో గోడ మీదుగా ఒక తల కనబడింది. అవతల కూలీల బస్తీ, ఆమె పేరు కొమురమ్మ.

"సారూ, గక్కడ గంత లోతు ఏస్తే మా బోరు సంగతేంది? మాది రెండొందల ఫీట్లే. నలభై ఇండ్లు గదాని మీదనే బతుకుతున్నయ్."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ల పనిలో గోడ అవతల ఎవరి బోరుందని నేను ఏనాడూ అడగలేదు. అడిగితే పని చెడుతుందన్న భయం కూడా ఉండేది, దాచడమెందుకు? వెళ్లి చూశాను. నా గుర్తూ వాళ్ల బోరూ ఒకే పగులు మీద ఉన్నాయి.

పాస్టర్ గారికి ఉన్నమాట చెప్పాను.

"ఆదివారం ఆరాధన అయినంక ఇదే ముచ్చట సంఘానికి మీరే చెప్పుండ్రి సార్. నేను చెప్తే ప్రసంగమనుకుంటరు" అన్నారు.

చర్చి గడప తొక్కి ఎరుగని షావుకారు కొడుకుని, అంతమంది ముందు నిలబడ్డాను. ఇప్పటి వానలు ఒక్కసారే కుమ్మరించి ఇంకకుండా పోతున్నాయనీ, అందుకే అందరూ లోతుకు పోతున్నారనీ, లోతుగా వేసినవాడు పక్కవాడి నీళ్లు లాగేస్తాడనీ చెప్పాను. ఒకే బోండంలో రెండు స్ట్రాలు పెట్టినట్టు అన్నాను.

రైల్వేలో రిటైరైన సంఘపెద్ద దావీదు గారు లేచారు. "జాగా మనది. పిల్లలకు తాగనీకి నీళ్లు లెవ్వు, తొట్టి ఎండి బాప్తిస్మాలు ఆగినయ్. మనమెందుకు ఆగాలె?"

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

"పొరుగోళ్లను ప్రేమించాలని వారం వారం చెప్పుకుంటున్నం గదా అన్నా" అన్నారు పాస్టర్ గారు నెమ్మదిగా. "ఎండలు గిట్ల ముదరనీకి కారణమైన కార్లు మనయి, ఏసీలు మనయి. ఎండే బోరు మాత్రం వాళ్లదా?"

దావీదు గారు కూర్చుండిపోయారు. ఆ రోజే సంఘమంతా కొత్త బోరు మాట మానుకున్నారు. చర్చి కప్పు మీది వాననీళ్లన్నీ దిగేలా ఎండిన పాత బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వించాం. తొలి గడ్డపార దావీదు గారే వేశారు. వానలు పడేదాకా ట్యాంకర్ తెప్పించుకుందామనుకున్నారు.

మరుసటి ఆదివారం పొద్దున నేను గుంత చూడటానికి వెళ్లినప్పుడు, కొమురమ్మ గోడ మీదుగా పైపు ఇవతలికి వేసింది. "వారానికి ఒక ట్యాంకు మేమిస్తం. మీ పోరగాండ్లకు గూడ దూపయితది గదా, అయ్యా."

పైపు అందుకున్న దావీదు గారు కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు మీటర్ పెట్టె విప్పకముందే చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి అడుగుతున్నాను. దాంతో కొన్ని పనులు చేజారాయి, పోనీ. నీళ్లెక్కడున్నాయో చెప్పడం వరకే నా చదువు నేర్పింది. వాటి మీద ఎవరు బతుకుతున్నారో అడగడం మాత్రం కొమురమ్మ నేర్పింది.